పై పోర్షన్

పై పోర్షన్ ఖాళీ అయి పదకొండు రోజులు.
గేటుకు కట్టిన టులెట్ అట్ట
మొన్నటి వానకు ఉబ్బింది,
నా ఫోన్ నంబరులో రెండు తొమ్మిదులు కరిగిపోయినయ్.

బాలమల్లు మేస్త్రీ చెప్పులు గుమ్మం బయట విడిచి
వేలి కణుపులతో గోడల్ని కొట్టుకుంట తిరుగుతున్నడు,
డాక్టరు వీపు మీద తట్టి చూసినట్టు.
"ఈడ బోలుందక్కా. ఈడ గూడ."
నేను వెనకాలనే,
కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో రాసుకుంట.

ఉన్నది నలభై ఆరు వేలు.
చిట్టీ పాటలో పోయింది పోగా చేతికొచ్చింది.

"హాల్లో పెద్ద టైల్సు ఏద్దం. ముప్పై ఎనిమిది వేలయితది.
కిరాయి వెయ్యి పెంచుకోవచ్చు."
అంటే ముప్పై ఎనిమిది నెలలు.
అన్ని నెలలు ఒక్క ఇంట్ల ఎవరుంటరు ఈ వారాసిగూడలో?
నేనున్ననా?
పార్సిగుట్టలో మూడిండ్లు మారిన, చిలకలగూడలో రెండు.
ఏ ఇంటి గచ్చు ఏ రంగో అడిగితే చెప్పలేను.
వంటగట్టు మాత్రం యాదికుంది.
నా నడుముకు జానెడు కిందికుండె.
ఏడేండ్లు వంగి రొట్టెలు చేసిన.
ఇప్పటికీ ముసురు పట్టిన రోజు
ఆ గట్టు నా వీపులో లేచి కూర్చుంటది.

స్నానాల గది తలుపు కూడ యాదికుంది.
అడుగున నాని, ఉబ్బి, గడియ పడకపోయేది.
నిండు బకెట్ అడ్డం పెట్టుకొని
ఒక చెవి బయటేసి నీళ్ళు పోసుకునేదాన్ని.

"ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే లుక్కొస్తదక్కా,
సాఫ్ట్‌వేర్ పిలగాండ్లు దిగుతరు."
పైన స్లాబు కారుతుంటే
కింద ముసుగు కప్పుడేంది మల్లన్నా?
ముందు డాబా మీద నీళ్ళు నిలవకుండ చూడు.
పద్నాలుగున్నర అన్నడు. రాసిన.
గట్టు ఎత్తు పెంచుడు, ఎనిమిది. రాసిన.
తలుపుకు కొత్త చెక్క, రేకు. రాసిన.

బెడ్రూంల ఆగి అడిగిండు:
"ఈ మేకులన్ని పీకేద్దమా?"

లెక్కపెట్టిన. తొమ్మిది.
ఒకటి ఏసయ్య పటానికి.
ఒకటి కృపావరం తెల్లకోటుకు.
గాంధీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ఆమెకు,
పొద్దున తొమ్మిదికి మెట్లెక్కుతుంటే
చెప్పుల చప్పుడుకే తెలిసేది ఎంత నిద్ర బాకీ ఉందో.
మిగిలినవన్నీ పడమటి కిటికీ చుట్టూ.
పగలు పండుకునే మనిషి,
మూడు దాటితే ఎండ వచ్చి మంచమెక్కేది,
దుప్పటి మీద దుప్పటి కొట్టుకుంది.

రెండుసార్లు అడిగింది సజ్జ పోయించమని.
"వచ్చే ఎండాకాలానికి చూద్దం సిస్టర్" అన్న.
రెండు ఎండాకాలాలూ వచ్చినయ్.
బోడుప్పల్ పోతున్ననని చెప్పి
తాళంచెవి నా చేతుల పెట్టిన రోజు
అడ్వాన్సులకెళ్ళి మూడొందలు కోసుకున్న,
గోడలకు మేకులు కొట్టినందుకు.
ఆమె ఏమనలే.
మిగిలిన నోట్లు లెక్క కూడ పెట్టుకోలే.

సుగుణాబాయి అని మా పార్సిగుట్ట ఓనరు,
గోడకు గోరు తగిలినా పైసలు పట్టేది.
ఆ పొద్దు నా నోట్ల నుంచి వచ్చింది
అచ్చం ఆమె గొంతు.

"కిటికీ మీద సజ్జ పొయ్యి, మల్లన్నా."
"పదకొండు వేలక్కా! దానికెవడు కిరాయి పెంచడు,
ఇల్లు చూడనొచ్చినోళ్ళ కండ్లకు గూడ ఆనదు."
"పొద్దున పదింటికి చూడనొస్తే ఎట్ల ఆనుతది?
మూడింటికి రమ్మను."

సున్నం కూలి కూడ కలిపితే
మిగిలింది ఎనిమిది వందలు.
టైల్సు లేవు. లుక్కు లేదు.
కిరాయి పోయినేడాదిదే.
మా ఆయన వింటే తల కొట్టుకుంటడు,
తర్వాత చెప్త.

"మరి మేకులక్కా?"
ఉండనీ. వచ్చేటోళ్ళకూ బట్టలుంటయ్, దేవుళ్ళుంటరు.

మెట్లు దిగుతుంటే బిల్లు కాయితం మడత విప్పి
ఎనిమిదొందల కింద మూడొందలు తీసేసిన.
కృపావరం నంబరు పాత ఫోన్ల ఉండాలె.
దాని చార్జరు ఏడ పెట్టిన్నో.